ఓడిన కొండ నుంచి పట్టాభిషేకం దాకా: ఒక శివాజీ కోటల యాత్రపై సమీక్ష

గురువారం రాత్రి హైదరాబాదులో బస్సెక్కించి, పురందర్, సింహగడ్, రాయగడ్ కోటలు చూపించి, సోమవారం ఉదయానికి తిరిగి దింపే ఒక యాత్రకు కిందటి డిసెంబరులో మా ఆవిడా నేనూ వెళ్లి వచ్చాం. మనిషికి 13,800 రూపాయలు తీసుకున్నారు. ఇది మామూలు కోటల యాత్ర కాదని, 1665లో మొగలుల చేతిలో ఓడి కోటలు అప్పగించుకున్న శివాజీ ఆ తర్వాత తొమ్మిదేళ్లకు సింహాసనం ఎక్కేదాకా ఎలా నడిచాడో ఆ స్థలాల్లోనే కూర్చోబెట్టి చెబుతామని, బతుకులో దెబ్బ తిన్నవాళ్లకు అది పనికొస్తుందని నిర్వాహకులు చెప్పారు. ఆ మాట నమ్మి డబ్బు కట్టినవాణ్ణి కాబట్టి, బస్సు, బస, భోజనం సంగతుల కన్నా ఆ మాట ఎంతవరకు నిలబెట్టుకున్నారన్నదే ఈ సమీక్షలో ముఖ్యంగా రాస్తాను. నిర్వాహకుల పేరు రాయడం లేదు. ఇలాంటి యాత్రలు ఇప్పుడు చాలామంది నడుపుతున్నారు. ఎవరితో వెళ్లినా ముందుగా ఏం అడగాలో తెలియడమే చదివేవారికి ఎక్కువ ఉపయోగమని నా నమ్మకం.

నేను ఎందుకు వెళ్లానో చెప్పకపోతే నా తీర్పులు ఎక్కడి నుంచి వస్తున్నాయో అర్థం కాదు. విజయవాడ గవర్నరుపేటలో మాకు ఇరవై రెండేళ్లుగా ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, స్కూలు డైరీలు మా పని. 2018లో బ్యాంకు అప్పుతో నాలుగు రంగుల ఆఫ్‌సెట్ మిషను తెచ్చి ఆటోనగర్‌లో రెండో యూనిట్ పెట్టాను. 2020లో పెళ్లిళ్లూ ఆగిపోయాయి, స్కూళ్లూ మూతపడ్డాయి. ఆ యూనిట్‌ను అప్పుడే వదులుకుని ఉంటే పోయేది. వదులుకుంటే నలుగురిలో తలెత్తుకోలేనని ఏడాదిన్నర పాటు పట్టుకుని వేలాడాను. వాయిదాలు కట్టడానికి బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. చివరికి మిషను అమ్మేనాటికి వచ్చిన సొమ్ము ఆ వడ్డీలకే చాలలేదు. గవర్నరుపేట ప్రెస్సు మిగిలిందంటే అది మా ఆవిడ నగలు తాకట్టుకు వెళ్లబట్టి మిగిలింది. ఇప్పుడు నెమ్మదిగా తేరుకుంటున్నాం. కాబట్టి ఓటమి గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు వెంటనే తెలిసిపోతుంది. నిజంగా తెలిసినవాళ్లు మాట్లాడితే అదీ తెలుస్తుంది. ఈ యాత్రలో రెండు రకాలవాళ్లూ ఎదురయ్యారు.

బస్సు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. సీట్లు బాగానే వెనక్కి వాలాయి, డ్రైవరు నెమ్మదస్తుడు, తెల్లవారేసరికి పుణె పొలిమేరల్లో ఉన్నాం. ఇరవై ఎనిమిది మందిమి. సగానికి పైగా నడివయసు వ్యాపారులు, ఇద్దరు ముగ్గురు ఉద్యోగం పోయినవాళ్లు, వరంగల్ నుంచి ఒక తల్లి, ఆమె కొడుకు. ఆ అబ్బాయి గ్రూప్స్ పరీక్షలు మూడుసార్లు రాసి రాక, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం మానేశాడని, అందుకే తీసుకొచ్చానని ఆ తల్లి బస్సులోనే మా ఆవిడతో చెప్పుకుంది.

మొదటి రోజు పురందర్. పుణె నుంచి నలభై కిలోమీటర్ల దూరంలో, నారాయణ్‌పూర్ ఊరి పైన ఉంటుంది. కోట ఇప్పుడు సైన్యం అధీనంలో ఉంది కాబట్టి గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపి పేరు రాయించుకోవాలి, సాయంత్రం లోపే దిగిపోవాలి. కార్డు అసలుది తెచ్చుకోమని నిర్వాహకులు ముందే సందేశం పంపారు, అందుకు వారిని మెచ్చుకోవాలి. అయినా ఇద్దరు మరిచిపోయి వచ్చేసరికి అక్కడ అరగంట పోయింది. ఇక్కడ మాకు మార్గదర్శిగా వచ్చిన పెద్దమనిషి పుణెలో చరిత్ర చెప్పి రిటైరయిన అధ్యాపకుడు. మాకు అర్థమయ్యేలా నిదానంగా, తేలికైన హిందీలో మాట్లాడారు. మేమందరం మాస్టారూ అని పిలవడం మొదలుపెడితే, ఆ మాట బాగుందని ఆయనే నవ్వుతూ ఒప్పుకున్నారు. ఈ యాత్రలో డబ్బుకు తగినది ఏదైనా దొరికిందంటే అది ఈ మాస్టారితో గడిపిన అయిదు గంటలే.

ఆయన మమ్మల్ని గబగబా తిప్పలేదు. పై కోటలో కేదారేశ్వర ఆలయం మెట్ల మీద కూర్చోబెట్టి, చేతికర్రతో తూర్పు వైపు చూపించారు. పక్కనే, ఒక చిన్న కనుమ అవతల, ఇంకో శిఖరం ఉంది. దాని పేరు వజ్రగడ్. రెండు కోటలకు మధ్య ఉన్న ఆ కనుమను భైరవఖిండ్ అంటారు. పురందర్ కింది అంచెను మరాఠీలో మాచి అంటారు. వజ్రగడ్ మీద నిలబడినవాడికి ఆ మాచి అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుందట. మేం వజ్రగడ్ ఎక్కలేదు గానీ, కూర్చున్న చోటి నుంచి చూస్తేనే ఆ సంగతి తెలిసిపోయింది. 1665 మార్చి చివర మొగల్ సేనానులు మీర్జా రాజా జయసింగ్, దిలేర్‌ఖాన్ ఈ కొండను ముట్టడించారు. జయసింగ్ తొందరపడలేదు. భారీ ఫిరంగులను కొండవాలు మీదికి రోజుల తరబడి లాగించి, గురిని ముందుగా వజ్రగడ్ మీద పెట్టాడు. ఏప్రిల్ నడిమికి వజ్రగడ్ పడిపోయింది. అక్కడి నుంచి ఇక పురందర్ మాచి మీద గుండ్లు కురవడమే. కోటను కాస్తున్న మురార్‌బాజీ దేశ్‌పాండే ఏడు వందల మందిని ఎంచుకుని బయటికి దూకి, దిలేర్‌ఖాన్ దండులోకి చొచ్చుకుపోయి, అక్కడే ప్రాణం విడిచాడు. ఆయన విగ్రహం దిగువన ఉంది. చేతుల్లో కత్తులతో నిలబడిన ఆ విగ్రహం దగ్గర ఫోటోలు దిగనివారు లేరు.

మాస్టారు మాత్రం మురార్‌బాజీ వీరమరణం దగ్గర ఆపలేదు. అక్కడ ఆపితే అది వీరగాథే అవుతుంది, మనకు పనికొచ్చేది ఆ తర్వాత ఉందని అన్నారు. లోపల సైనికులే కాదు, శివాజీ సర్దారుల కుటుంబాలు కూడా ఈ కోటలోనే తలదాచుకుని ఉన్నాయి. కింద పల్లెలను మొగల్ దండు తగలబెడుతోంది. ఇంకొన్ని వారాలు పట్టుదలకు పోతే కోట ఎలాగూ పోతుంది, దాంతో పాటు ఆ కుటుంబాలూ పోతాయి. జూన్‌లో శివాజీ తానే జయసింగ్ గుడారానికి వెళ్లాడు. ఆయన వచ్చి కూర్చునే వేళకే కోట మీద దాడి జరిగేలా జయసింగ్ ఏర్పాటు చేశాడని, గుడారంలోంచి ఆ పోరు కనిపించిందని, తన మనుషులు అనవసరంగా చావకూడదని శివాజీ అప్పటికప్పుడే పురందర్‌ను అప్పగిస్తానన్నాడని మాస్టారు చెప్పారు. కోట దిగి బయటికి వచ్చినవాళ్లు ఆడామగా కలిసి సుమారు 7,000 మంది. ఒప్పందం ప్రకారం 23 కోటలు, వాటితో పాటు ఏడాదికి 4 లక్షల హొన్నుల (బంగారు నాణేల) ఆదాయం వచ్చే నేల మొగలులకు పోయాయి. శివాజీకి మిగిలినవి 12 కోటలు, లక్ష హొన్నుల ఆదాయం. కొడుకు శంభాజీ పేరు మీద మొగల్ కొలువులో అయిదువేల మన్సబు, అంటే కొలువు హోదా, తీసుకోవలసి వచ్చింది. అప్పటికి ఆ పిల్లవాడికి ఎనిమిదేళ్లు. పుట్టింది ఈ పురందర్‌లోనే.

ఇక్కడే వరంగల్ అబ్బాయి నోరు విప్పాడు. రెండు రోజుల్లో మేం విన్న అతని మొదటి మాట అది.

“మాస్టారూ, పన్నెండు ఉంచుకున్నారన్నారు గదా, ఏవి ఉంచుకోవాలో ఎట్ల తేల్చుకున్నరు?”

మాస్టారు లేచి నిలబడి, ఈసారి కర్రను పడమటికి తిప్పారు. మసక మసకగా కొండల మీద కొండలు. అందులో ఒకటి రాజగడ్, దాని పక్కన తోర్ణా. రాజగడ్ వేరు, రాయగడ్ వేరు, కలిపేయవద్దని ఆయన రెండుసార్లు హెచ్చరించారు. మన తెలుగు చెవికి రెండూ ఒకటిగానే వినిపిస్తాయి కాబట్టి ఆ హెచ్చరిక అవసరమే. “అప్పటి రాజధాని రాజగడ్. దాన్ని వదల్లేదు. మొదట్లో చేజిక్కిన కోటల్లో తోర్ణా ఒకటి. దాన్నీ వదల్లేదు. రాయగడ్, దాని పక్క లింగాణా కూడా ఉంచుకున్నాడు. పుణె చుట్టుపక్కల, దారుల పక్కన, మొగల్ ఫిరంగులు చేరుకోగల చోట ఉన్న కోటల్లో చాలావాటిని ఇచ్చేశాడు బాబూ. సహ్యాద్రి లోలోపల ఉన్నవాటిని అట్టిపెట్టుకున్నాడు. కొండాణా, అంటే రేపు మీరు చూడబోయే సింహగడ్, ఇవ్వడం ఆయనకు ఎంత కష్టమై ఉంటుందో నువ్వే ఊహించుకో.”

ఆ అబ్బాయి ఇంకేమీ అడగలేదు. నేను మాత్రం ఆ మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను. కోటలు ఇచ్చేయడాన్ని ఒక పనిగా, లెక్క చూసి ఎంచుకుని చేయవలసిన పనిగా నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఆటోనగర్ యూనిట్‌ను నేను పోగొట్టుకున్నాను. శివాజీ కొండాణాను ఇచ్చాడు. రెండింటికీ తేడా ఏమిటో ఏ వ్యాపార సలహాదారూ నాకు చెప్పలేదు. పోగొట్టుకునేవాడికి ఏది ముందు పోతుందో తన చేతిలో ఉండదు. ఇచ్చేవాడికి ఏది మిగలాలో తన చేతిలో ఉంటుంది. ఈ ఒక్క సంగతి కోసం మళ్లీ 13,800 కట్టమన్నా కడతాను.

ఆ రాత్రి పుణెలో బస సౌకర్యంగానే ఉంది. గదులు శుభ్రం, వేడినీళ్లు వచ్చాయి. రాత్రి భోజనంలో మనవాళ్ల కోసమని పప్పూ అన్నమూ పెట్టించారు గానీ పప్పులో బెల్లం పడింది. దానికి నేను నిర్వాహకులను తప్పుపట్టను.

రెండో రోజు సింహగడ్. అదే నిన్నటి కొండాణా. పుణెకు నైరుతిగా ముప్ఫై కిలోమీటర్లు. పైదాకా రోడ్డు ఉంది, చిన్న బండ్లు ఎక్కుతాయి; మా పెద్ద బస్సును కిందే ఆపి జీపుల్లో పంపారు. ఆ జీపుల డబ్బు ప్యాకేజీలో ఉందని ముందు చెప్పి, అక్కడికి వెళ్లాక మనిషికి వంద చొప్పున వసూలు చేశారు. వంద రూపాయలకు ఎవరూ పేచీ పెట్టుకోరు, కానీ ఇచ్చిన మాట మార్చడం మంచి పద్ధతి కాదు. పైన గుడిసె హోటళ్లలో జొన్న భాకరీ, పిఠ్లా, ఉల్లిపాయ పకోడీలు, చిన్న మట్టి పిడతల్లో గడ్డ పెరుగు దొరుకుతాయి. పిఠ్లా అంటే శనగపిండిని కారం, వెల్లుల్లి వేసి ఉడికించిన ముద్ద. మన జొన్నరొట్టె తిన్న నోటికి అది కొత్తగా అనిపించదు. ఆ గాలిలో ఆ పెరుగు తిన్న తర్వాత బయటి హోటలు పెరుగు మీద మనసు పోదు. యాత్ర మొత్తంలో ఉత్తమ భోజనం ఇదే, ఇది మా సొంత డబ్బుతో తిన్నది.

ఇక్కడ మాస్టారు లేరు. నిర్వాహకుల తరఫున హైదరాబాదు నుంచే మాతో వచ్చిన ప్రేరణ శిక్షకుడు మైకు అందుకున్నాడు. శివాజీ సర్దారు తానాజీ మాలుసరే కథను బాగా రక్తి కట్టించాడు. గొంతు మంచిది, మాట ధాటి ఉంది. 1670 ఫిబ్రవరి 4 రాత్రి తానాజీ తన మావళులతో, అంటే కొండప్రాంతపు సైనికులతో, నిట్టనిలువు కొండచరియ ఎక్కి కోటలోకి దిగడం, కోట రక్షకుడు ఉదయభాను రాఠోడ్‌తో తలపడి ఇద్దరూ నేలకొరగడం, తమ్ముడు సూర్యాజీ చెదిరిన జనాన్ని నిలబెట్టి కోట పట్టడం, ఇవన్నీ విన్నాక మా వెనక కూర్చున్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఉడుముకు తాడు కట్టి ఎక్కడం జనం చెప్పుకునే కథ అని, కోటకు సింహగడ్ అనే పేరు తానాజీ మరణానికి ముందే ఉందని చరిత్రకారులు చూపించారని ఒక మాట అని ఉంటే బాగుండేది. వేడి అన్నం మధ్యలో చెయ్యి పెట్టి కాల్చుకున్న పిల్లవాడి కథను కూడా శివాజీకి జరిగినట్టే చెప్పాడు. అదే కథ చంద్రగుప్త మౌర్యుడి మీదా ఉందని మనలో చాలామంది చిన్నప్పుడే విన్నాం. కథ అని చెప్పి చెబితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. జరిగిందని చెబితే, నిజంగా జరిగిన సంగతుల మీద కూడా వినేవాడికి నమ్మకం తగ్గుతుంది.

అసలు లోపం మాత్రం ఆ సాయంత్రం బయటపడింది. ఘాటు దిగి మహాడ్ దగ్గర బసకు చేరాక, హాల్లో కుర్చీలు వేసి ఒక గంటన్నర శిక్షణ పెట్టారు. అందరికీ లామినేషన్ చేసిన ఒక అట్ట ఇచ్చారు. అందులో ఏడు సూత్రాలు. మొదటిది: ‘ఎన్నడూ తల వంచకు.’

నిన్ననే పురందర్ మెట్ల మీద కూర్చుని, తల వంచి 23 కోటలు ఇచ్చిన మనిషి గురించి విన్నాం. ఆ కొండ ఎక్కినందుకు మా కాళ్ల నొప్పులు ఇంకా తగ్గలేదు. శిక్షకుడు మాత్రం పురందర్ ఒప్పందాన్ని రెండు వాక్యాల్లో దాటేసి, నేరుగా ఆగ్రా నుంచి పారిపోవడం మీదికి, అక్కడి నుంచి నేరుగా తానాజీ మీదికి దూకాడు. ఆగ్రా కథ గొప్పదే. 1666 మే 12న ఔరంగజేబు దర్బారులో తనను అయిదువేల హోదా మన్సబుదారుల వరసలో నిలబెట్టినందుకు శివాజీ ఆగ్రహించడం, ఇంటి చుట్టూ కాపలా పెట్టడం, జబ్బు నెపంతో మిఠాయి బుట్టలు బయటికి పంపడం అలవాటు చేయడం, ఆగస్టు 17న తప్పించుకోవడం, ఆయన మంచం మీద హిరోజీ ఫర్జంద్ పడుకుని కాపలావాళ్లను మభ్యపెట్టడం, ఇవన్నీ పిల్లలు కూడా నోరెళ్లబెట్టి వింటారు. కానీ ఆగ్రా నుంచి వచ్చిన శివాజీ మర్నాడే కత్తి పట్టలేదు. ఆ సంగతి ఆ గంటన్నరలో ఒక్కసారి కూడా రాలేదు.

నేను లేచి అడిగాను. ఇంటికొచ్చింది 1666లో, సింహగడ్ పట్టింది 1670లో. ఆ మధ్య మూడేళ్లు ఆయన ఏం చేశాడు అని. “సార్, అది చాలా మంచి ప్రశ్న, ప్రిపరేషన్ చేశాడు సార్,” అని తర్వాతి సూత్రానికి వెళ్లిపోయాడు. ఆ శిక్షకుడి మీద నాకు కోపం లేదు. అతనికి ఇచ్చిన కాగితంలో ఆ మూడేళ్లు లేవు. యాత్ర రూపకల్పన చేసినవాళ్లను మాత్రం గట్టిగా అడగాలి. ఎందుకంటే దెబ్బ తిన్నవాడు నిజంగా బతకవలసింది ఆ మూడేళ్లలోనే. తప్పించుకోవడం ఒక రాత్రి, కోట పట్టడం ఒక రాత్రి. మధ్యలో వెయ్యి రాత్రులు ఉంటాయి. ఆ వెయ్యి రాత్రుల్లో శివాజీ మొగలులతో సంధి కోరుతూ తానే రాశాడు. 1668లో ఔరంగజేబు ఆయనకు రాజా బిరుదును ఒప్పుకున్నాడు. శంభాజీని, ప్రతాపరావు గుజర్ నాయకత్వంలో కొంత రౌతు దళాన్ని ఔరంగాబాదులో యువరాజు ముఅజ్జం దగ్గరికి పంపాడు. అరేబియా సముద్రం అంచున సింధుదుర్గ్ కట్టడం ఆ కాలంలోనే పూర్తయింది. చేతిలో ఉన్న కొద్దిపాటి నేలను, కోటలను, లెక్కలను సర్దుకుంటూ, ఎవరి కంటా పడకుండా కూర్చున్నాడు. సంధి చెడటానికి దగ్గరి కారణాల్లో ఒకటి చూస్తే మనలాంటివాళ్లకు బాగా అర్థమవుతుంది: ఆగ్రా ప్రయాణం ఖర్చులకని ముందుగా ఇచ్చిన లక్ష రూపాయలను రాబట్టుకోవడానికి, బేరార్‌లో శంభాజీకి ఇచ్చిన జాగీరు మీద మొగలులు చేయి వేశారు. అప్పు ఇచ్చినవాడు వసూలుకు వచ్చినప్పుడు ఎదురు నిలవగల బలం అప్పటికి కూడింది. అది కూడటానికి మూడేళ్లు పట్టింది. ఫిబ్రవరిలో సింహగడ్, మార్చిలో పురందర్ తిరిగి వచ్చాయంటే, అక్టోబరులో రెండోసారి సూరత్ దాకా వెళ్లగలిగారంటే, ఆ పని అంతా ముందే అయిపోయి ఉండాలి.

నా అనుభవంలో కూడా కష్టమైనవి ఈ మధ్య ఏళ్లే. మిషను అమ్మిన రోజు ఇంటికి బంధువులు వచ్చారు, ధైర్యం చెప్పారు. ఆ తర్వాత పాత మినీ ఆఫ్‌సెట్ మీద రోజుకు రెండు బిల్లు పుస్తకాల ఆర్డరు వేసుకుంటూ, అప్పులవాళ్లకు నెలకు ఇంతని మాట ఇచ్చి తప్పకుండా కడుతూ గడిపిన రోజుల్లో ఎవరూ రాలేదు. రావడానికి అక్కడ చూడవలసిందేమీ లేదు. అందుకే ఆ కాలం గురించి చెప్పగలిగిన యాత్ర కావాలని నేను ఆశపడ్డాను.

శిక్షణ అయ్యాక వరంగల్ అబ్బాయి మా గది దగ్గరికి వచ్చాడు. “అంకుల్, మాస్టారు చెప్పిన పన్నెండు కోటల పేర్లు మీరు రాసుకున్నరు గదా, ఇస్తరా?” అని అడిగి, ఆ లామినేషన్ అట్టనే బోర్లా తిప్పి నా ముందు పెట్టాడు. అట్ట మీద పెన్ను పడక, చివరికి మా ఆవిడ సంచిలోంచి మార్కరు తీసి ఇచ్చింది. రాజగడ్, తోర్ణా, రాయగడ్, లింగాణా, ఘోసాళా అని ఒక్కొక్కటే రాసిచ్చాను.

మూడో రోజు రాయగడ్. ఆదివారం కావడమే పెద్ద పొరపాటు. సముద్రమట్టానికి 820 మీటర్ల ఎత్తున్న ఈ కొండకు 1,700కు పైగా మెట్లు ఉన్నాయి. ఎక్కలేనివారికి రోప్‌వే ఉంది, పైకి తీసుకెళ్లడానికి నిమిషాలే పడుతుంది గానీ ఆదివారం నాడు ఆ నిమిషాల కోసం గంటలు నిలబడాలి. మా వాళ్లలో అరవై దాటినవారు తొమ్మిది మంది. వాళ్లు రెండున్నర గంటలు వరసలో ఉన్నారు. కూర్చోవడానికి ఏర్పాటు చేయలేదు, మంచినీళ్లు కూడా మాలో కుర్రవాళ్లే తెచ్చి ఇచ్చారు. శుక్రవారం రాయగడ్, ఆదివారం పురందర్ పెట్టుకుంటే సరిపోయేదాన్ని ఎవరూ ఆలోచించలేదు.

పైకి వెళ్లాక మాత్రం ఆ విసుగు నిలవలేదు. మాస్టారు ఇక్కడికి తిరిగి వచ్చారు, దాంతో యాత్రకు మళ్లీ ప్రాణం వచ్చింది. 1818లో ఇంగ్లీషువాళ్ల గుండ్ల దాడిలో కాలిపోయిన కోట ఇది. కర్రకట్టడాలు ఏవీ మిగలలేదు, పునాదులు, రాతి అరుగులు మాత్రమే ఉన్నాయి. బజారు వీధిలో రెండు వైపులా ఎత్తయిన అరుగుల వరస చూస్తుంటే, దుకాణం నడిపేవాణ్ణి కాబట్టి నా కళ్లు వాటి కొలతల మీదే ఆగాయి. 1674 జూన్ 6న పట్టాభిషేకం జరిగిన సింహాసన స్థలం దగ్గర మాస్టారు ఎక్కువ మాట్లాడలేదు. “మొన్న లెక్కపెట్టిన పన్నెండులో ఇది ఒకటి,” అన్నారు, అంతే. రాసిచ్చిన అట్ట జేబులో ఉన్న అబ్బాయి నా వైపు చూశాడు.

తర్వాత జగదీశ్వరాలయానికి తీసుకెళ్లి ఒక మెట్టు చూపించారు. కోటను కట్టించిన హిరోజీ ఇందుల్కర్ తన పేరును మెట్టు రాయి మీద చెక్కించుకున్నాడు: సేవలో తత్పరుడు హిరోజీ ఇందుల్కర్ అని. గుడికి వచ్చే రాజు పాదం ఆ మెట్టు మీద పడాలన్నది ఆయన కోరికట. అక్షరాలు అరిగినా చదవడానికి వీలుగానే ఉన్నాయి. అచ్చు అక్షరాలతో పొద్దంతా గడిపేవాణ్ణి కాబట్టి, ఒక వేలితో ఆ గీతల్ని తడిమి చూశాను. ఉలి ఎంత లోతుగా దిగిందో వేలికి తెలిసింది.

ఇక రెండు లోపాలు చెప్పి ఖర్చు సంగతికి వస్తాను. కొండ కింద పాచాడ్ ఊళ్లో జీజాబాయి సమాధి ఉంది. కొడుకు పట్టాభిషేకం కళ్లారా చూసి, రెండు వారాలు తిరగకుండానే ఆమె కన్నుమూశారు. మా బస్సు ఆ ఊరి మీదుగానే వెళ్లింది, ఆపలేదు. కొడుకును వెంటబెట్టుకుని వచ్చిన తల్లి మాలో ఉండగా అక్కడ పావుగంట ఆపకపోవడం నాకు చాలా బాధ కలిగించింది. రెండోది, హైదరాబాదు నుంచి నడిపే యాత్రలో హైదరాబాదు ప్రస్తావనే లేదు. 1677లో శివాజీ భాగ్యనగరానికి వచ్చాడు, అబుల్ హసన్ తానీషాను కలిశాడు; అక్కన్న మాదన్నల చొరవతో గోల్కొండ డబ్బు, సేన సాయం తీసుకుని, శ్రీశైలంలో కొన్ని రోజులు ఉండి, తమిళదేశంలోని జింజీ, వెల్లూరు కోటలు పట్టడానికి దక్షిణం వెళ్లాడు. శ్రీశైలం ఉత్తర గోపురాన్ని ఇప్పటికీ శివాజీ గోపురమనే అంటాం. ఆ జింజీయే ఆయన పోయిన తర్వాత, శంభాజీని ఔరంగజేబు చంపించాక, చిన్న కొడుకు రాజారాముడికి ఆశ్రయమై మరాఠా రాజ్యాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టింది. ఓడినవాడు తేరుకోవడంలో ఇది కూడా భాగమే: మళ్లీ దెబ్బ తగిలితే వెళ్లి నిలబడటానికి ఒక చోటును ముందే సంపాదించి పెట్టడం. బయలుదేరే రోజు మధ్యాహ్నం గోల్కొండలో రెండు గంటలు గడిపి ఈ మాటలు చెప్పినా యాత్రకు నిండుదనం వచ్చేది, పైసా అదనంగా ఖర్చయ్యేది కాదు.

ధర విషయానికి వస్తే, మూడు పగళ్లు, రెండు రాత్రుల బస, రాకపోకలకు 13,800 ఎక్కువే అనిపిస్తుంది. సొంతంగా వెళ్తే ఇంకా తక్కువలో అవుతుంది. అయితే సొంతంగా వెళ్తే ఆ మాస్టారు దొరకరు. మోకాళ్ల నొప్పులున్నవారు పురందర్ పై కోటకు వెళ్లలేరు, కింద మాచి దగ్గరే ఆగవలసి వస్తుంది. వారికి ఈ యాత్ర నేను సిఫారసు చేయను. ఉదయం భోజనాలు మూడు రోజులూ పోహా, ఉప్మాలే; పెద్దవాళ్లు మాత్రలు వేసుకునే వేళకు భోజనం అందలేదు. మరుగుదొడ్ల కోసం బస్సు ఆపమంటే విసుక్కోకుండా ఆపారు, ఆడవాళ్లందరూ ఈ మాట రాయమన్నారు.

తిరిగి వచ్చిన వారానికి నిర్వాహకులు ఫోను చేసి అభిప్రాయం అడిగారు. పైన రాసినవన్నీ చెప్పాను. ఆ ఏడు సూత్రాల అట్టను మార్చి, మొదటి వాక్యం తీసేసి, ఇచ్చిన 23 కోటలు ఒక పక్క, ఉంచుకున్న 12 కోటలు ఒక పక్క వేసి చిన్న పటం అచ్చు వేయమన్నాను. కావాలంటే మా ప్రెస్సులో కాగితం ఖర్చుకే వేసి ఇస్తానన్నాను. ఆలోచిస్తామన్నారు. మార్చి యాత్రకు పాచాడ్ చేరుస్తామని, రాయగడ్‌ను శుక్రవారానికి జరుపుతామని గట్టిగానే చెప్పారు. వెళ్లాలనుకునేవారు కార్డు అసలుది తీసుకెళ్లండి, జీపు డబ్బుల సంగతి ముందే తేల్చుకోండి. పురందర్‌కు ఆ మాస్టారే వస్తున్నారా అని అడిగి, వస్తున్నారంటేనే డబ్బు కట్టండి.